ఎదిగే పెద్ద జాతి కుక్కపిల్లకు ఏ ఆహారం పెట్టాలి? నల్లగొండ, పాలమూరు పెంపకందారులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా కుక్కపిల్ల పెద్ద జాతి కిందికి వస్తుందో రాదో ఎలా తెలుసుకోవాలి?

పెద్దయ్యాక ఎంత బరువు తూగుతుందన్నదే ఇక్కడ కొలమానం. సుమారు 25 కిలోలు దాటే కుక్కలను పెద్ద జాతులుగా, 45 కిలోలు దాటే వాటిని భారీ జాతులుగా దాణా తయారీదారులు, పశువైద్యులు సాధారణంగా లెక్కిస్తారు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, రాట్‌వైలర్ మొదటి కోవకు, గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, మాస్టిఫ్ రెండో కోవకు చెందుతాయి. బత్తాయి తోటల దగ్గర, కోళ్ల ఫారాల దగ్గర కాపలాకు పెంచే సంకర జాతి పిల్లల విషయంలో తల్లినీ, వీలైతే తండ్రినీ చూసి అంచనా వేయవలసి ఉంటుంది. ముధోల్ హౌండ్ వంటి వేట కుక్కలు సన్నగా ఉన్నా ఎత్తు ఎక్కువ కాబట్టి, బరువు సరిగ్గా హద్దు మీద ఉన్నా, వాటిని కూడా పెద్ద జాతిగానే భావించి మేపడం మేలు. అనుమానం ఉన్నప్పుడు పెద్ద జాతి ఆహారం వైపే మొగ్గాలి, ఎందుకంటే ఆ ఆహారం మధ్యస్థ జాతి పిల్లకు నష్టం చేయదు.

కుక్కపిల్లల ఆహారం ఏదైనా ఒకటే కదా, పెద్ద జాతికి వేరే ఎందుకు?

లాబ్రడార్ పిల్ల పుట్టినప్పుడు సుమారు 400 గ్రాములు ఉండి, ఏడాది తిరిగేసరికి 28 కిలోల దాకా పెరుగుతుంది, అంటే పుట్టిన బరువుకు 70 రెట్లు అవుతుంది. గ్రేట్ డేన్ అయితే దాదాపు వంద రెట్లు. ఇంత తక్కువ కాలంలో ఇంత పెరుగుదల జరుగుతున్నప్పుడు ఎముకల చివర ఉండే మృదులాస్థి గట్టి ఎముకగా మారే పని ఒక పద్ధతి ప్రకారం సాగాలి. పిల్లకు కేలరీలు ఎక్కువైతే ఒళ్లు, బరువు ముందుగా పెరిగిపోయి, ఇంకా గట్టిపడని ఎముకల మీద, కీళ్ల మీద భారం పడుతుంది. కాల్షియం ఎక్కువైతే మృదులాస్థి ఎముకగా మారే క్రమమే దెబ్బతింటుంది. తుంటి కీలు వదులై అరిగిపోవడం, మోచేతి కీలు సరిగ్గా అమరకపోవడం, మృదులాస్థి ముక్కగా ఊడిరావడం వంటి జబ్బులకు జన్యువులు ఒక కారణమైతే, మేత రెండో కారణం. జన్యువులను మార్చడం మన చేతిలో లేదు. మేత మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

అందుకే పెద్ద జాతి కుక్కపిల్లల కోసం తయారుచేసి సంచుల్లో అమ్మే ఆహారంలో కొవ్వు, కేలరీలు కొంత తగ్గించి, కాల్షియానికి పై హద్దు ఒకటి పెడతారు. చిన్న జాతి పిల్లల ఆహారంలో కేలరీలు దట్టంగా ఉంటాయి, కాల్షియం హద్దు కూడా అంత కట్టుదిట్టంగా ఉండనవసరం లేదు. పామరేనియన్‌కు సరిపోయే సంచి రాట్‌వైలర్‌కు పనికిరాకపోవడానికి కారణం ఇదే.

మా పిల్ల ముందు కాళ్లు వంకర పోతున్నాయి. మెడికల్ షాపులో కాల్షియం సిరప్ ఇచ్చారు, తాగించవచ్చా?

మన ప్రాంతంలో ఎక్కువగా వినిపించే ప్రశ్న ఇదే, ఎక్కువ హాని జరిగేది కూడా ఇక్కడే. ఏమి తింటున్న పిల్ల అన్నది తెలుసుకోకుండా ఈ ప్రశ్నకు జవాబు చెప్పకూడదు.

పెద్ద జాతి కుక్కపిల్లల సంచి ఆహారమే పూర్తిగా తింటున్న పిల్లకు పైనుంచి ఒక్క చుక్క కాల్షియం కూడా అవసరం లేదు. పూర్తిగా ఎదిగిన కుక్క పేగు అవసరమైనంత కాల్షియం పీల్చుకుని మిగతాది బయటికి వదిలేస్తుంది. సుమారు ఆరు నెలలలోపు పిల్లకు ఆ నియంత్రణ ఇంకా సరిగ్గా ఏర్పడదు కాబట్టి, తిన్న కాల్షియంలో దాదాపు సగం భాగం అవసరం ఉన్నా లేకపోయినా ఒంట్లోకి చేరిపోతుంది. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయంలో 1980లలో గ్రేట్ డేన్ పిల్లల మీద జరిగిన పరిశోధనలు ఈ విషయాన్ని స్పష్టంగా చూపించాయి. కాల్షియం అతిగా పెట్టిన పిల్లల్లో ఎముకలు గట్టిపడకపోగా, ఎదుగుదల లోపాలు, కాళ్ల వంకర కనిపించాయి. అంటే వంకర పోగొట్టడానికి తాగించే మందే వంకరకు కారణం కావచ్చు.

లెక్క వేసి చూద్దాం. నాలుగు నెలలు దాటిన 12 కిలోల పిల్ల రోజుకు సుమారు 1,000 కేలరీలు తింటుందనుకుంటే, కిలోకు 3,700 కేలరీలు ఉన్న సంచి ఆహారం 270 గ్రాములు సరిపోతుంది. అందులో కాల్షియం 1.4 శాతం ఉంటే 3.8 గ్రాములు అందినట్టు. ప్రతి 1,000 కేలరీలకు కనీసం 3 గ్రాములు ఉండాలని, పెద్ద జాతి పిల్లకు 4.5 గ్రాములు మించకూడదని అమెరికాలోని దాణా ప్రమాణాల సంఘం ఆఫ్కో నిర్ణయించింది. ఇప్పుడు 500 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్న మాత్రలు రోజుకు రెండు కలిపితే 4.8 గ్రాములై హద్దు దాటిపోతుంది. కోడిగుడ్డు పెంకు పొడి ఒక టీస్పూను వేస్తే ఇంచుమించు 2 గ్రాముల కాల్షియం చేరి, మొత్తం 6 గ్రాములకు దగ్గరపడుతుంది.

ఇక అన్నం, మాంసం మాత్రమే తింటున్న పిల్ల కాళ్లు వంకర పోతుంటే అది నిజంగానే కాల్షియం లోటు కావచ్చు. అప్పుడు కూడా సీసా కొని అంచనాగా పోయడం కాక, పశువైద్యుడు ఎక్స్‌రే చూసి మోతాదు చెప్పడం, మేతనే మార్చడం జరగాలి. ఈ రెండు కారణాలూ కాక మూడోది ఒకటుంది. నున్నటి టైల్స్ మీద, పాలిష్ చేసిన తాండూరు బండల మీద తిరిగే పిల్లకు పాదాలు జారి ముందు కాళ్లు పక్కలకు విచ్చుకుంటాయి. అటువంటి పిల్లను మట్టి నేల మీద తిప్పి, పడుకునే చోట గోనెపట్టా పరిచి, బరువు అదుపులో ఉంచితే కొన్ని వారాలలో మార్పు కనిపించడం సాధారణం. కనిపించకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

విటమిన్ డి ఇంజెక్షన్లు, చుక్కల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కుక్క చర్మం ఎండ నుంచి తగినంత విటమిన్ డి తయారు చేసుకోలేదు కాబట్టి పిల్లను ఎండలో కట్టేయడం వల్ల ఆ ప్రయోజనం కలగదు. అలాగని మోతాదు మించి ఇస్తే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు పాడవుతాయి.

సంచి మీద ఏమి చదవాలి?

ముందు వైపున్న బొమ్మ, పెద్ద అక్షరాలు చదవనక్కరలేదు. వెనక వైపు నాలుగు విషయాలు చూడాలి. అది ఎదిగే పిల్లలకు సంపూర్ణ ఆహారమని స్పష్టంగా రాసి ఉండాలి, అందులో పెద్ద జాతి పిల్లలకు కూడా సరిపోతుందన్న మాట ఉంటే ఇంకా మంచిది. కాల్షియం, ఫాస్ఫరస్ శాతాలు ఉండాలి. తేమ శాతం ఉండాలి. కిలోకు ఎన్ని కేలరీలో ఉండాలి. కొన్ని సంచుల మీద ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ మాత్రమే ఉండి కాల్షియం ఊసే ఉండదు. అటువంటప్పుడు సంచి మీదున్న వినియోగదారుల నంబరుకు ఫోన్ చేసి అడగవచ్చు. చెప్పలేని కంపెనీ ఆహారాన్ని పెద్ద జాతి పిల్లకు కొనకపోవడమే సరైనదని నా అభిప్రాయం.

శాతాలను పోల్చేటప్పుడు తేమ తీసివేసి లెక్కించాలి. ఉదాహరణకు తేమ 10 శాతం, కాల్షియం 1.4 శాతం అని ఉంటే, 1.4ను 0.9తో భాగిస్తే 1.56 శాతం వస్తుంది. తేమ లేని లెక్కలో 1.2 నుంచి 1.8 శాతం మధ్య ఉండాలి కాబట్టి ఇది సరిపోయింది. తేమ అంతే ఉండి కాల్షియం 1.8 శాతం అని ఉంటే లెక్క 2 శాతానికి చేరుతుంది, ఆ సంచి వద్దు. డబ్బాలో వచ్చే తడి ఆహారంలో తేమ 78 శాతం దాకా ఉంటుంది, కాబట్టి దాని మీద 0.35 శాతం అని కనిపించినంత మాత్రాన కాల్షియం తక్కువని అనుకోరాదు, దాన్ని 0.22తో భాగిస్తే 1.59 శాతం అవుతుంది. కాల్షియం ఎప్పుడూ ఫాస్ఫరస్ కంటే తక్కువ కాకుండా, దానికి రెట్టింపు మించకుండా ఉండాలి.

సంచి విప్పి కిలోల లెక్కన అమ్మే విడి ఆహారం చవకగా దొరుకుతుంది గానీ, దాని మీద ఏ వివరమూ ఉండదు, ఎప్పుడు తెరిచారో తెలియదు. ఎదిగే పిల్లకు అది వద్దు.

ప్రొటీన్ ఎక్కువైతే ఎముకలు పాడవుతాయంటారు, నిజమేనా?

నిజం కాదు. గ్రేట్ డేన్ పిల్లలకు ఎక్కువ ప్రొటీన్, తక్కువ ప్రొటీన్ ఇచ్చి పోల్చిన పరిశోధనలో ఎముకల జబ్బులకు ప్రొటీన్ కారణమని తేలలేదు. ఎదిగే పిల్ల ఆహారంలో తేమ లేని లెక్కలో కనీసం 22.5 శాతం ప్రొటీన్, 8.5 శాతం కొవ్వు ఉండాలి. తప్పు కేలరీలది, కాల్షియానిది.

సంచి ఆహారం కొనే స్తోమత లేదు. అన్నం, చికెన్, గుడ్డు పెడితే సరిపోతుందా?

కడుపు నిండుతుంది, పిల్ల ఇష్టంగా తింటుంది, వెంట్రుకలు కూడా కొన్నాళ్లు నిగనిగలాడతాయి. ఎముకల సంగతి వేరు. బొక్కలు తీసిన చికెన్ పావు కిలో, వండిన అన్నం 300 గ్రాములు, రెండు గుడ్లు కలిపితే దాదాపు 900 కేలరీలు వస్తాయి, అందులో కాల్షియం మాత్రం గ్రాములో ఆరో వంతుకు మించదు. కావలసింది సుమారు 2.7 గ్రాములు. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం అతి తక్కువ కాబట్టి రక్తంలో కాల్షియం నిలబెట్టడానికి శరీరం ఎముకల నుంచే తోడుకుంటుంది. ఎముకలు పలచబడి, కాళ్లు వంగి, చిన్న దూకుడుకే విరిగిపోయే స్థితి వస్తుంది. జింకు, రాగి, అయోడిన్, విటమిన్ డి, విటమిన్ ఇ కూడా ఈ తిండిలో చాలవు.

ఇంటి తిండే పెట్టాలని నిశ్చయించుకున్నవారు పశు పోషణ తెలిసిన వైద్యుని చేత ఆ పిల్ల బరువుకు, వయసుకు తగిన కొలతలు రాయించుకుని, ఆయన చెప్పిన ఖనిజ లవణాల పొడిని తూకం వేసి కలపాలి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కళాశాలలో ఇటువంటి సలహా అడగవచ్చు. గేదెలకు వాడే ఖనిజ మిశ్రమం ఇంట్లో ఉంది కదా అని కుక్కపిల్లకు వేయకూడదు.

ఖర్చు మాత్రమే అడ్డమైతే మధ్యే మార్గం ఒకటుంది. కనీసం మొదటి ఆరు, ఎనిమిది నెలలు నమ్మదగిన సంచి ఆహారం పెట్టి, రోజు మొత్తం కేలరీలలో పదో వంతు దాకా మాత్రమే ఇంటి పదార్థాలు కలపవచ్చు. ఆ పదో వంతులో ఉడికిన గుడ్డు, ఉప్పు కారం లేని చికెన్, ఉడికించిన గుమ్మడికాయ, క్యారెట్ ఉంటే చాలు. సగం సంచి, సగం అన్నం పెట్టే పద్ధతి చాలా ఇళ్లలో కనిపిస్తుంది గానీ, అప్పుడు సంచిలోని కొలతలన్నీ సగానికి పలచబడి ఆహారం సంపూర్ణం కాకుండా పోతుంది.

తైదల జావ, జొన్న గట్క, పెరుగన్నం పెట్టవచ్చా?

తైదలలో, అంటే రాగులలో, కాల్షియం ఉందన్నది నిజం, 100 గ్రాములకు 340 నుంచి 360 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, బియ్యంతో పోలిస్తే ఎన్నో రెట్లు ఎక్కువ. అయితే కుక్కపిల్ల అవసరం గ్రాములలో ఉంది. 50 గ్రాముల తైదల పిండితో జావ కాస్తే వచ్చేది 180 మిల్లీగ్రాములు. దాని మీద ఆధారపడి మాంసం, అన్నం మేతను సరిచేద్దామనుకుంటే అది జరగని పని. పైగా చిరుధాన్యాలలోని ఫైటేట్లు అనే పదార్థాలు జింకును, కాల్షియాన్ని కొంత పట్టి ఉంచుతాయి.

జావ, గట్క, పెరుగన్నం హానికరమైనవి కావు. ఎండాకాలంలో నీళ్ల మజ్జిగ కొద్దిగా పోయడంలో తప్పు లేదు, పెరుగు చాలా పిల్లలకు పడుతుంది. వాటిని మేతగా కాక, పైన చెప్పిన పదో వంతులో భాగంగానే చూడాలి. పొలాల దగ్గర గట్కతోనే పెరిగిన కుక్కలు గట్టిగా లేవా అని అడిగేవారు ఉంటారు. అవి 15 కిలోల ఊరకుక్కలు, నెమ్మదిగా పెరుగుతాయి, రోజంతా తిరిగి నాలుగు చోట్ల ఏదో ఒకటి ఏరుకు తింటాయి. కట్టేసి పెంచే రాట్‌వైలర్ పిల్లకు మనం పళ్లెంలో వేసిందే గతి.

బర్రె పాలు పోయవచ్చా?

పాలు మరిచాక పిల్ల పేగులో లాక్టోజ్ అనే పాల చక్కెరను అరిగించే శక్తి తగ్గుతుంది, విరేచనాలు పడతాయి. బర్రె పాలలో కొవ్వు కూడా ఎక్కువ. సంచి ఆహారం తినే పిల్లకు పాలు అనవసరం.

మటన్ దుకాణంలో బొక్కలు, బోటి, ఊపిరితిత్తులు ఉత్తగానే ఇస్తారు. పెట్టవచ్చా?

ఉడికిన బొక్కలు ఏ వయసు కుక్కకూ పెట్టకూడదు. ఉడికాక అవి పుల్లల్లా చీలి గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. కోడి బొక్కలు మరీ ప్రమాదం. బొక్కలు నూరి పొడి చేసి మేతలో కలిపే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది, దానిలో కాల్షియం ఎంత వెళుతోందో ఎవరికీ లెక్క ఉండదు.

పచ్చి బోటి, కార్జం, ఊపిరితిత్తుల విషయం గొర్రెల మందలు ఎక్కువగా ఉన్న పాలమూరు ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పవలసినది. గొర్రెల కార్జంలో, ఊపిరితిత్తుల్లో నీటి బుడగల్లా కనిపించే తిత్తులు ఒక రకం బద్దె పురుగు పిల్ల దశ. వాటిని పచ్చిగా తిన్న కుక్క పేగులో ఆ పురుగు పెరిగి, దాని గుడ్లు మలంతో బయటపడతాయి. ఆ గుడ్లు చేతుల ద్వారా, నీటి ద్వారా మనిషి కడుపులోకి చేరితే మనిషి కార్జంలో, ఊపిరితిత్తుల్లో అవే తిత్తులు ఏర్పడి, శస్త్రచికిత్స దాకా వెళుతుంది. పెడితే పూర్తిగా ఉడికించి, కార్జం మాత్రం కొద్దిగానే పెట్టాలి, ఎందుకంటే అందులో విటమిన్ ఎ చాలా ఎక్కువ. కోళ్ల ఫారంలో చనిపోయిన కోళ్లను కుక్కలకు వేయడం కూడా మానుకోవాలి. అవి ఏ జబ్బుతో చనిపోయాయో, ఏ మందులు వాడారో పిల్లకు తెలియదు, మనకూ తెలియదు.

నట్టల మందు రెండు వారాల వయసు నుంచి మూడు నెలల దాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి వేయించాలి. కడుపులో నట్టలుంటే ఎంత మంచి ఆహారం పెట్టినా ఒంటికి పట్టదు.

రోజుకు ఎంత పెట్టాలి, ఎన్నిసార్లు పెట్టాలి?

సంచి మీది పట్టికతో మొదలుపెట్టి, పిల్లను చూసి మార్చుకోవాలి. పట్టిక లేకపోతే ఫోన్‌లోని కాలిక్యులేటర్‌తో లెక్క కట్టవచ్చు. పిల్ల బరువును అదే సంఖ్యతో మరో రెండుసార్లు గుణించి, వచ్చినదానికి వర్గమూలం, దానికి మళ్లీ వర్గమూలం తీసి, 70తో గుణించాలి. 12 కిలోల పిల్లకు 1,728 వస్తుంది, రెండుసార్లు వర్గమూలం తీస్తే 6.45, దాన్ని 70తో గుణిస్తే సుమారు 450. నాలుగు నెలల దాకా దీనికి మూడు రెట్లు, ఆ తర్వాత రెండు రెట్లు కేలరీలు రోజు అవసరానికి దగ్గరగా ఉంటాయి. ఇది అంచనా మాత్రమే, చురుకుదనాన్ని బట్టి పిల్లకూ పిల్లకూ తేడా ఉంటుంది. గ్లాసుతో, గుప్పిటతో కొలిచేకంటే వంటింటి తూకంతో గ్రాములు తూచడం మేలు.

రెండు నుంచి నాలుగు నెలల దాకా రోజుకు మూడు, నాలుగు సార్లు, ఆరు నెలల దాకా మూడు సార్లు, తర్వాత జీవితాంతం రెండు సార్లు పెట్టాలి. లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలు ఒకే పూట కడుపు పట్టినంత తిని, వెంటనే పరుగెత్తితే కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం పెరుగుతుంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. పళ్లెం నిండా వేసి రోజంతా వదిలేయడం పెద్ద జాతి పిల్లకు అసలే పనికిరాదు. పావుగంట తర్వాత మిగిలింది తీసేయాలి.

వారానికోసారి బరువు చూడాలి. చిన్నప్పుడు ఎత్తుకుని ఇంట్లోని తూకం మీద నిలబడి మన బరువు తీసివేయవచ్చు, ఎత్తలేనప్పుడు ఎరువుల దుకాణంలోని కాంటా ఉంది.

పక్కింటి పిల్ల బొద్దుగా ఉంది, మాది సన్నగా ఉంది. తిండి పెంచాలా?

చూసిపోవడానికి వచ్చిన ప్రతి చుట్టమూ ఏమి పెడుతున్నారు, ఇలా ఎండిపోయిందేమిటి అనడం, మరుసటి రోజు నుంచి పళ్లెంలో రెండు గుప్పిళ్లు ఎక్కువ పడడం మామూలే. పెంచేముందు పిల్ల పక్కటెముకల మీద చేయి వేసి చూడాలి. గుప్పిట బిగించినప్పుడు వేళ్ల కణుపుల మీద తడిమితే తగిలినట్టు ఎముకలు పొడుచుకు వస్తుంటే పిల్ల సన్నగా ఉన్నట్టు. చేయి చాచి వెనకవైపు తడిమినట్టు, నొక్కకుండానే తేలికగా తగులుతుంటే సరిగ్గా ఉన్నట్టు. అరచేతి వైపు తడిమినట్టు మెత్తగా ఉండి వెతుక్కోవలసి వస్తే లావైనట్టు. పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడాలి, పక్క నుంచి చూస్తే పొట్ట లోపలికి ఎక్కాలి. ఒకటి అంటే బాగా బక్కచిక్కినది, తొమ్మిది అంటే బాగా లావైనది అని లెక్కించే తొమ్మిది అంచెల శరీర స్థితి కొలమానంలో పెద్ద జాతి పిల్ల నాలుగు, ఐదు మధ్య ఉండాలి.

అమెరికాలో 48 లాబ్రడార్ పిల్లలను జంటలుగా తీసుకుని, ఒకదానికి పెట్టినదానిలో నాలుగో వంతు తగ్గించి రెండోదానికి జీవితాంతం పెట్టిన అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. తక్కువ తిన్న కుక్కల మధ్యస్థ ఆయుష్షు 13 ఏళ్లు, ఎక్కువ తిన్నవాటిది 11.2 ఏళ్లు. తుంటి కీళ్ల జబ్బు కూడా తక్కువ తిన్నవాటిలో తక్కువగా, ఆలస్యంగా కనిపించింది. నెమ్మదిగా పెరిగిన పిల్ల పొట్టిగా మిగిలిపోదు. ఎత్తు జన్యువులలో ఉంటుంది, కాస్త ఆలస్యంగా అక్కడికే చేరుతుంది.

మా ఊళ్లో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. కుక్కపిల్లకు అవే పోయవచ్చా?

పోయకూడదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు ప్రాంతాలలో ఫ్లోరైడ్ మనుషుల ఎముకలను ఏమి చేసిందో వివరించి చెప్పనక్కరలేదు. నల్లగొండ పేరు మీదే పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి 1970లలో నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ నుంచి వచ్చింది. ఎదిగే ఎముకలోనూ, లోపల తయారవుతున్న పంటి పింగాణీలోనూ ఫ్లోరైడ్ పేరుకోవడం పశువులలో, కుక్కలలో కూడా జరుగుతుంది. మన తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఆమోదయోగ్యం, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతిస్తారు.

మిషన్ భగీరథ నీళ్లు గానీ, ఇంట్లో తాగే శుద్ధి చేసిన నీళ్లు గానీ పిల్లకు పోయాలి. పెద్ద జాతి పిల్ల ఒంటి బరువుకు తగ్గట్టు మన చిన్న పిల్లలకంటే ఎక్కువ నీళ్లే తాగుతుంది. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందనుకోవడం పొరపాటు. నీరు ఆవిరై తగ్గుతుంది కాబట్టి మిగిలినదాంట్లో ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. తిండి వండే నీళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఎముకల్లోనే ఫ్లోరైడ్ పేరుకుంటుంది కాబట్టి, ఫ్లోరైడ్ ఊళ్లలోని పశువుల బొక్కల పొడి కుక్కపిల్లకు పెట్టకపోవడానికి ఇది ఇంకో కారణం.

ఎండాకాలంలో సంచి ఆహారం పాడవుతుందా?

మహబూబ్‌నగర్, వనపర్తి వైపు ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీలు దాటే ఎండకు రేకుల షెడ్డులో ఉంచిన సంచిలోని కొవ్వు ముక్కిపోతుంది, విటమిన్లు తగ్గుతాయి. ఆహారాన్ని అసలు సంచిలోనే ఉంచి, మూతి మడిచి, గాలి చొరని డబ్బాలో నీడపట్టున పెట్టాలి. నెల, నెలన్నరలో అయిపోయే సంచి కొనడం మేలు. ముక్కిన వాసన వస్తే పారవేయాలి.

వానాకాలంలో బూజు సంగతి మరింత తీవ్రమైనది. పల్లి, మక్కలు బాగా పండే ప్రాంతం మనది. తడిసి బూజు పట్టిన పల్లి, పల్లి చెక్క, మక్క పిండిలో అఫ్లటాక్సిన్ అనే విషం పుడుతుంది. పశువులకు పెడుతున్నాం కదా అని దాన్ని కుక్కకు వేస్తే కార్జం దెబ్బతిని వాంతులు, పచ్చకామెర్లు వచ్చి చనిపోవచ్చు. ఉడికించినా ఆ విషం పూర్తిగా పోదు.

ఎండలో పిల్ల తిండి తగ్గించడం సహజం. పొద్దున చల్లని వేళ, పొద్దుగూకాక పెట్టి, మధ్యాహ్నం పూట తగ్గించవచ్చు.

మేము మాంసం ముట్టం. శాకాహారంతో పెంచవచ్చా?

ఇంట్లో వండిన పప్పన్నంతో పెద్ద జాతి పిల్లను పెంచవద్దు. సంపూర్ణమని రాసి ఉండి, ఎదిగే పిల్లలకు ఉద్దేశించిన శాకాహార సంచి ఏదైనా దొరికితే వైద్యుని పర్యవేక్షణలో ఆలోచించవచ్చు గానీ, ఎదుగుదల పూర్తయ్యేదాకా మామూలు సంచి ఆహారమే పెట్టడం క్షేమం. సంచి ఆహారం చేత్తో ముట్టనవసరం లేదు, పళ్లెం విడిగా పెడితే ఇంట్లో పెద్దలు కూడా అభ్యంతరం చెప్పకపోవచ్చు.

ధాన్యం లేని ఆహారం ఖరీదైనది కాబట్టి మంచిదేనా?

కాదు. బఠాణీలు, పప్పులు ఎక్కువగా ఉండే అటువంటి ఆహారాలకూ కుక్కల గుండె కండరం జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఆహార ఔషధ సంస్థ 2018లో విచారణ మొదలుపెట్టింది. తుది నిర్ధారణ కాలేదు. బియ్యం, మక్కలు కుక్కకు బాగానే అరుగుతాయి కాబట్టి, ఆ ఖర్చు పెట్టవలసిన కారణం కనిపించదు.

మన ఇంట్లో ఉండేవాటిలో ఏవి అస్సలు పెట్టకూడదు?

ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పచ్చివైనా, కూరలో ఉడికినవైనా, పొడి రూపంలో ఉన్నవైనా రక్తకణాలను పగలగొడతాయి. మిగిలిపోయిన కూర కలిపిన అన్నం వద్దనడానికి ముఖ్య కారణం ఇదే. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, పాయసం, సేమ్యా, ప్రసాదం పెట్టేటప్పుడు గుర్తుంచుకోవాలి. చాక్లెట్, చక్కెర లేని చూయింగ్ గమ్‌లో వాడే జైలిటాల్, పులిసే పచ్చి పిండి, కల్లు, సారా ప్రమాదకరం. మామిడి టెంక మింగితే పేగుకు అడ్డం పడుతుంది, కొల్లాపూర్ తోటల వైపు ఇది ప్రతి వేసవిలో గమనించవలసిన విషయం.

ఆహారం ఎలా మార్చాలి?

వారం, పది రోజులలో మార్చాలి. మొదటి రెండు, మూడు రోజులు కొత్తది పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు. విరేచనాలు అయితే వెనక్కి తగ్గాలి. కొత్తగా తెచ్చిన పిల్లకు మొదటి వారం అమ్మినవారు పెట్టిన ఆహారమే పెట్టడం మంచిది.

పెద్ద కుక్కల ఆహారానికి ఎప్పుడు మారాలి?

పెద్ద జాతులు 12 నుంచి 18 నెలల దాకా, భారీ జాతులు రెండేళ్ల దాకా ఎదుగుతూ ఉంటాయి. ఆ ఎదుగుదల పూర్తయ్యేదాకా పిల్లల ఆహారమే పెట్టాలి. ఆరు నెలలకే ఆకారం చూసి పెద్దదైపోయిందని మార్చేవారు చాలామంది ఉన్నారు. పెద్ద కుక్కల ఆహారంలో కేలరీలు తక్కువ అని మారిస్తే, పిల్ల ఎక్కువ తిని ఎక్కువ కాల్షియం లోపలికి వేసుకునే అవకాశం కూడా ఉంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే తిండి అవసరం తగ్గుతుంది, ఆ వారం నుంచే తూకం చూసుకుంటూ తగ్గించాలి. పెద్ద జాతులలో ఆపరేషన్ ఎప్పుడు చేయించాలన్నది కీళ్లతో కూడా ముడిపడిన విషయం కాబట్టి వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవాలి.

ఏ లక్షణాలు కనిపిస్తే ఆహారం మార్చి చూడకుండా వెంటనే పశువైద్యశాలకు తీసుకువెళ్లాలి?

ఒక కాలితో మొదలై కొన్నాళ్లకు మరో కాలికి మారే కుంటు, ముఖ్యంగా ఐదు నెలలు దాటిన జర్మన్ షెపర్డ్ పిల్లల్లో. మణికట్టు దగ్గర వాపు, వేడి, దానితో జ్వరం. లేచేటప్పుడు వెనక కాళ్లు ఈడవడం, కుందేలులా రెండు వెనక కాళ్లు కలిపి దూకడం. ముట్టుకుంటే అరవడం. తిన్నాక కడుపు డోలులా బిగిసి, వాంతి రాక ఓకరిస్తూ ఉండడం, ఇది కనిపిస్తే అర్ధరాత్రి అయినా ఆగకూడదు. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు పిల్ల తింటున్న సంచి వెనక వైపు ఫోటో, ఇప్పటిదాకా తాగించిన టానిక్కుల సీసాలు, వారం వారం రాసుకున్న బరువులు వెంట తీసుకువెళితే, ఎక్స్‌రే కంటే ముందే వైద్యునికి సగం విషయం తెలుస్తుంది.